పాత కారుకు కొత్త గేరు ఆయిలా?

చిక్కడపల్లి: లక్ష కిలోమీటర్లు దాటిన ఆటోమేటిక్ గేర్ల కారు. గేరు ఆయిల్ ఒక్కసారీ మార్చలేదు. ఇప్పుడు మారిస్తే గేర్లు పోతాయని భయం. మార్చకపోతే అరిగిపోతాయని దిగులు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో పాత కార్లున్నవారిని వేధించే ప్రశ్న ఇది.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ రద్దీలో ఆగుతూ, కదులుతూ పోయే బండిలో ఆయిల్ బాగా వేడెక్కుతుంది. వేడికి దాని సత్తువ తగ్గుతుంది.

అయితే భయం ఎందుకు పుట్టింది? చాలామంది గేరు జారడం మొదలయ్యాకే ఆయిల్ మారుస్తారు. అప్పటికే లోపలి క్లచ్ ప్లేట్లు అరిగి ఉంటాయి. నింద మాత్రం కొత్త ఆయిల్‌పై పడుతుంది. యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగినా, పేరుకున్న మడ్డి కదిలి సన్నని దారులకు అడ్డుపడవచ్చు.

గేర్లు సాఫీగా పడుతుంటే పాత ఆయిల్‌ను కిందినుంచి వదిలి, కంపెనీ పుస్తకంలో చెప్పిన రకాన్నే పోయించాలి. ఒక్కసారికి పాతదంతా బయటికి రాదు. కొన్నివేల కిలోమీటర్ల తర్వాత మళ్లీ మార్పించడం మేలు. ఆయిల్ మాడు వాసన వేసినా, లోహపు రజను కనిపించినా, ఇంజన్ అరుస్తున్నా బండి ముందుకు సాగకపోయినా ముందు గేరుబాక్సును పరీక్ష చేయించాలి. అరిగిన ప్లేటును ఆయిల్ బాగుచేయదు.

చేతితో గేర్లు మార్చే కార్లకు ఈ బెంగ లేదు. గడువుకు మారిస్తే చాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభమేమిటి?