కింద అంగడి... పైన కాపురం!

పొద్దున్నే ఆదోని షరాఫ్ బజార్లో ఓసారి నడిచి చూడండి. కింద షట్టర్లు ఇంకా లేచి ఉండవు. పైన మాత్రం మిద్దెల మీద బట్టలు ఆరుతుంటాయి. ఏ కిటికీలోంచో ఉగ్గాని తాలింపు వాసన! అంగడి కట్టేసి మెట్లెక్కితే ఇల్లు... బజారంటే ఇక్కడ అంతే.

అక్కణ్నుంచి ఎమ్మిగనూరు వెళ్తే అంగడి స్థానంలో మగ్గం కనిపిస్తుంది. గుంత మగ్గం నడింట్లోనే ఉంటుంది. నేసేది ఒకరైతే, కండెలు చుట్టేది ఇంకొకరు. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘం ప్రారంభించే నాటికే ఇల్లూ పనిచోటూ ఒకటి.

మరి పట్టణ ప్రణాళిక పటంలో? అక్కడ ప్రతి స్థలానికీ ఒక రంగు. పసుపైతే నివాసం, నీలమైతే వ్యాపారం, ఊదా అయితే పరిశ్రమ. ఈ పద్ధతికి మూలం 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం. అప్పటికి ఆదోని ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. చట్టమూ వెంటే వచ్చింది!

రంగులు వేయడం తప్పేమీ కాదు. ఆదోని పత్తి ఊరు. జిన్నింగు మిల్లు పక్కనే పొయ్యి వెలిగితే ఏమవుతుందో అక్కడివారికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరుకు సందులోకి ఫైరింజన్ రాకపోతే నష్టపోయేదీ వాళ్లే. నూలుకు రంగులద్దే నీళ్లు ఇళ్ల మధ్య పారకూడదనడమూ న్యాయమే. చేతి మగ్గానికి మాత్రం ఈ బాధ లేదు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించని ఇంటి పనిని నివాస ప్రాంతాల్లో సాధారణంగా అనుమతిస్తారు.

ఇంతకీ నీలం రంగు పడిన చోట ఇల్లు కట్టుకోకూడదా? సాధారణంగా కట్టుకోవచ్చు. చిక్కు రంగుతో కాదు, అడుగులతో!

మెట్లకు మూడడుగులు

పన్నెండడుగుల ముఖం, నలభై అడుగుల లోతు ఉన్న పాత అంగడి అనుకుందాం. యాభై మూడు గజాలు. పాతబడిందని పడగొట్టారు. కొత్తగా కట్టాలంటే 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు చూడాలి. స్థలం ఎంత, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు అన్నదాన్ని బట్టి ఎత్తు, వదలాల్సిన ఖాళీ తేలుతాయి. ఇంత చిన్న స్థలానికి పక్కల వదలనక్కర్లేదు గానీ ముందు వదలాలి. అది ఐదడుగులే అనుకున్నా, రోడ్డు విస్తరణలో మరో ఐదు పోతే మిగిలేది ముప్ఫై. విస్తరణకు ఉచితంగా ఇచ్చిన స్థలానికి బదులుగా నిబంధనల్లో సడలింపులో, బదలాయించుకునే నిర్మాణ హక్కో ఇస్తారు. కానీ ఆ కాగితం మీద మంచం వేసుకోలేం కదా!

ఇప్పుడు పైన కాపురం ఉండాలంటే వీధిలోంచి విడిగా మెట్లు కావాలి. కనీసం మూడడుగులు. అంటే పన్నెండడుగుల అంగడి ముఖంలో పావు వంతు పోయినట్టే. బజార్లో అద్దె వచ్చేది ఆ ముఖానికే. దాంతో యజమాని లెక్కేసుకుంటాడు. మెట్లు లోపలే పెట్టేసి, పై అంతస్తునూ దుకాణానికే ఇచ్చేస్తే సరి! ఇల్లు వద్దని ఏ నియమమూ అనలేదు. అయినా ఇల్లు పోయింది. ఊరి చివర లేఅవుట్లో అద్దెకు దిగి, రోజూ బండి మీద సొంత అంగడికి రావడమే మిగిలింది. మోకాళ్ల నొప్పులున్న అవ్వకు గుడి, మసీదు, మందుల షాపు అన్నీ ఒక్కసారిగా దూరమయ్యాయి.

పైన ఇల్లు నిలబెట్టుకున్నవారు పన్ను విషయం మరిచిపోకూడదు. 2021 నుంచి రాష్ట్రంలో ఆస్తిపన్ను స్థిరాస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. చట్టం ప్రకారం నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం దాకా, ఇతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం దాకా వేయవచ్చు. పై అంతస్తు ఇల్లేనని మున్సిపాలిటీ రికార్డుల్లో విడిగా నమోదైందో లేదో చూసుకోవాలి.

బొంబాయి లెక్క

ఆదోనిని రెండో బొంబాయి అంటారు, పత్తి వ్యాపారం వల్ల. అసలు బొంబాయిలో ఏం జరిగిందో చూద్దాం. మూతపడిన బట్టల మిల్లుల స్థలాలకు 1991లో ఒక నియమం పెట్టారు. మూడో వంతు ఖాళీ జాగాగా నగరపాలక సంస్థకు, మరో వంతు గృహనిర్మాణ సంస్థకు, మిగిలింది యజమానికి. 2001లో దాన్ని సవరించి, ఈ పంపకం మిల్లులో కట్టడాలు లేని స్థలానికే వర్తిస్తుందన్నారు. దాంతో ఇళ్లకూ పార్కులకూ వచ్చే వాటా బాగా తగ్గిపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఒక్క నిర్వచనం మారితే అంత మారింది!

మన దగ్గర మిల్లు స్థలం ఊదా నుంచి నీలానికో పసుపుకో మారాలంటే అభ్యంతరాలకు గడువిస్తూ ప్రకటన వేస్తారు. సర్వే నంబర్లు, హద్దులతో నిండిన ఆ చిన్న అక్షరాలను సాధారణంగా ఎవరూ చదవరు. అందులో ఎన్ని ఇళ్లు వస్తాయి, ఎవరికి వస్తాయి అని అడగడానికి ఉన్న గడువు మాత్రం ఆ కొద్ది రోజులే.