చేతికాగితముపై నీటిరంగులు

నీటిరంగుల చిత్రములలో తెల్లరంగును సాధారణముగా వాడరు. పచ్చని వరిచేలో వ్రాలిన కొంగను చిత్రింపవలసివచ్చినచో, చిత్రకారుడు కొంగ ఉన్నంత చోటును రంగు పూయక విడిచిపెట్టును. అచట కనబడు తెలుపు కాగితపు తెలుపే. కావున కాగితము చెడినచో కొంగయు చెడును. కొయ్యగుజ్జుతో చేసిన చౌక కాగితము కొన్ని యేండ్లకు పసుపువన్నెకు తిరిగి పెళుసెక్కును. కొయ్యలోని లిగ్నిన్ అను పదార్థము ఇందుకు ఒక ముఖ్యకారణము. ప్రత్తిపోగులో ఆ పదార్థము దాదాపు ఉండదు. అందుచేతనే నీటిరంగులకు ప్రత్తికాగితము శ్రేష్ఠమని పేరుపొందినది.

మన దేశమున కాగితమును చేతితో చేయు వృత్తి ప్రాచీనమైనది. కాగజీలను కుటుంబములవారు దీనిని తరతరములుగా నిలుపుకొనిరి. మిల్లుల పోటీకి తాళలేక క్షీణించిన ఈ వృత్తికి, గాంధీమహాత్ముని ప్రేరణతో 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘము చేయూత నొసగినది. 1940లో పుణే నగరమున చేతికాగితపు సంస్థ వెలసినది. రాజస్థానమందలి సాంగానేరులో నేటికిని ఈ పని సాగుచున్నది.

బట్టలు కుట్టుచోట్ల మిగిలిన నూలుగుడ్డ పేలికలను చిన్నముక్కలుగా కోసి, నీటిలో నలుగగొట్టి గుజ్జు చేయుదురు. జల్లెడవంటి చట్రముతో ఆ గుజ్జును ముంచి పైకెత్తగా, నీరు కారిపోయి పోగులు ఒకదానితో నొకటి పెనగొని పొరగా నిలుచును. ఆ పొరను గుడ్డపై బోర్లించి, అదిమి, ఆరవేయుదురు.

అయినను ప్రత్తిదైనంతమాత్రమున ప్రతి కాగితమును రంగులకు తగినదని తలపరాదు. ఒట్టి ప్రత్తిపొర అద్దుడుకాగితమువలె నీటిని పీల్చివేయును. ఉతికిన బట్టకు గంజి పెట్టినట్లు, కాగితమునకు జిలాటిన్ గాని పిండిగంజి గాని పట్టింపవలెను. అది చక్కగా పట్టినదో లేదో తెలియుటకు చిన్నముక్కపై మూడు పరీక్షలు చేయవచ్చును.

మొదటిది నీటిబొట్టు పరీక్ష. బొట్టు పడినవెంటనే ఇంకి వెనుకవైపున తడి కనబడినచో గంజి చాలలేదు. తామరాకుపై నీటివలె జారిపోయినచో గంజి మిక్కుటమైనది. కొంతసేపు మెరయుచు నిలిచి, మెల్లగా ఇంకినచో కాగితము మంచిది.

రెండవది పూత పరీక్ష. ముక్కను కొంచెము వాలుగా నుంచి, పలుచని నీలిరంగును వెడల్పు కుంచెతో పైనుండి క్రిందికి పూయవలెను. గంజి సమముగా పట్టనిచోట మచ్చలు తేలును.

మూడవది తుడుపు పరీక్ష. ఆరిన రంగును తడికుంచెతో మెల్లగా రుద్ది, గుడ్డతో అద్దవలెను. నూగు రేగినచో ఆ కాగితము దిద్దుబాటును ఓర్వదు.

చేతితో చేసిన తావులలో ఏ రెండును అచ్చముగా ఒక్కతీరున నుండవు. కావున క్రొత్త దస్తా తెచ్చినప్పుడెల్ల పరీక్ష అవసరము. గంజి చాలని తావును పారవేయ నక్కరలేదు. వేడినీట కరగించిన పలుచని జిలాటిన్‌ను రెండువైపుల పూసి ఆరనిచ్చినచో, పెక్కుసార్లు అది పనికివచ్చును.

ఈ పరీక్షలకు వ్యయమగునది బెత్తెడు ముక్క మాత్రమే. దానిని ముందు ఖర్చుచేయుటకు వెనుదీసినవాడు, పలుదినముల శ్రమ ఫలమైన చిత్రమునే పోగొట్టుకొనవచ్చును.