లాప్‌టాప్ తెర... పెద్దదా, చిన్నదా?

అమ్మాయికి ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. ఇక లాప్‌టాప్ కొనాలి. "కొనేదేదో పెద్దదే కొందాం" అంటారు మీవారు. కాస్త ఆగండి!

షాపులో చెప్పే 14, 15.6 అంగుళాలు తెర వెడల్పు కాదు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలత. రెంటికీ తేడా నాలుగు సెంటీమీటర్లే అయినా, పెద్దది సాధారణంగా బరువెక్కువ. రోజూ పుస్తకాలు, టిఫిన్ డబ్బాతో బస్సెక్కే పిల్లకు ఆ బరువు భుజాల దగ్గర తెలుస్తుంది. తనకి 14 చాలు.

ఇంట్లో బల్లమీదే ఉంచి జమాఖర్చులు చూసుకునేవారికి 15.6 మేలు. అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి, కళ్లకు శ్రమ తక్కువ. చాలావాటిలో అంకెల మీటలు విడిగా కూడా ఉంటాయి.

ఏది కొన్నా ఫుల్ హెచ్‌డి, అంటే 1920×1080 తెరేనా అని అడగండి. డబ్బు కట్టేముందు దాన్ని బ్యాగులో పెట్టి అమ్మాయినే ఓసారి భుజాన వేసుకోమనండి. మోసేది తనే కదా!