ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ – ఒక పరిచయం (హాస్టల్ రిజిస్టరు నుంచి సర్టిఫికెట్ దాకా)



ఆదోని, ఎమ్మిగనూరు సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చదువుకుని, నేడు కంప్యూటర్ రంగంలో పని చేస్తున్న పూర్వ విద్యార్థులం కొందరం కలిసి ఈ వ్యాసం రాస్తున్నాము. వార్షికోత్సవానికి వచ్చిన ప్రతిసారీ మీరు మమ్మల్ని అడిగే ప్రశ్న "అన్నా, ఏ కోర్సు నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది?" అని. ఈమధ్య కొందరు ఇంకో ప్రశ్న కూడా వేశారు. "ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ అంటే పెద్ద జీతమంట, టోగాఫ్ సర్టిఫికెట్ ఒకటి ఉంటే చాలంట, నిజమేనా?" అని. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదు కనుక ఇక్కడ రాస్తున్నాము.

అసలు సమస్య ఏమిటి?

ముందుగా మనకు తెలిసిన సంగతి ఒకటి చెప్పుకుందాం. మా తర్వాతి బ్యాచ్‌లో కోసిగి వైపు నుంచి వచ్చిన తమ్ముడు ఒకడు డిగ్రీ మొదటి సంవత్సరంలో స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాడు. దానికి వాళ్లమ్మ వేలిముద్ర కావాలన్నారు. అమ్మానాన్నలేమో దీపావళి దాటగానే సుగ్గికి, గుంటూరు వైపు మిరపకాయల కోతకు వెళ్లారు. పోనీ ఫోనుకు ఓటీపీ వస్తుందిలే అనుకుంటే, ఆ నంబరు రీచార్జి లేక ఎప్పుడో రద్దయింది. పైగా పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమే ఉంది. మూడు కార్యాలయాల చుట్టూ నెల రోజులు తిరిగాడు. చివరకు వాళ్లమ్మ కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చి వేలిముద్ర వేసి మళ్లీ వెళ్లింది.

ఇందులో తప్పు ఎవరిది? ఒక గుమాస్తా తన రిజిస్టరు ప్రకారం మాట్లాడాడు. ఇంకొకరు తన కంప్యూటర్ చూపించినదే చెప్పారు. బ్యాంకువారు తమ నిబంధన చూపించారు. విడివిడిగా చూస్తే ఎవరి పని వారు సరిగానే చేశారు. కాని అన్నీ కలిపి చూసే నక్షా ఎవరి దగ్గరా లేదు. ఆ నక్షాను తయారు చేసే విద్యనే ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అంటారు.

ఎంటర్‌ప్రైజ్ అంటే ఏమిటి?

ఎంటర్‌ప్రైజ్ అంటే పెద్ద కంపెనీ మాత్రమే అనుకోవద్దు. ఒక ఉద్దేశంతో కలిసి పని చేసే విభాగాల సముదాయం ఏదైనా ఎంటర్‌ప్రైజే. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘాన్ని ఉదాహరణగా తీసుకోండి. చేనేత సంఘంలో నూలు కొనడం ఒక పని, రంగు అద్దడం ఒక పని, నేయడం ఒక పని, అమ్మడం మరొక పని. మగ్గం మీద కూర్చున్నవారికి తమ చీర కనిపిస్తుంది. కాని ఏ రంగు నూలు ఎంత కొనాలి, ఏ డిజైను ఎక్కడ అమ్ముడుపోతుంది, నేసినవారికి కూలి ఎప్పుడు అందాలి అన్నది మొత్తం తెలిసినవారు చూసుకోవాలి. నేత పని, ఈ చూసుకునే పని రెండూ అవసరమే. సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామర్ మగ్గం దగ్గర కూర్చున్నవాడైతే, ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ సంఘమంతటినీ దృష్టిలో పెట్టుకునేవాడు.

ఆదోని పత్తి మార్కెట్ కూడా ఇలాంటిదే. రైతు బండి గేటు దాటడం, టెండరు, తూకం, డబ్బు చేతికి రావడం అన్నవి ఒకదాని వెనుక ఒకటి జరగాలి. తూకానికి ఎంత మంచి ఎలక్ట్రానిక్ కాటా తెచ్చినా, లెక్కల చీటీ వేరేచోట ఆగిపోతే రైతుకు ఒరిగేదేమీ లేదు. ఒక్క భాగాన్ని బాగు చేస్తే మొత్తం బాగుపడదు అన్నది ఈ విద్యలో మొదటి పాఠం.

నాలుగు భాగాలు

ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌ను సాధారణంగా నాలుగు భాగాలుగా నేర్పుతారు. మన హాస్టల్‌నే ఉదాహరణగా తీసుకుంటే సులభంగా అర్థమవుతుంది.

1. బిజినెస్ ఆర్కిటెక్చర్: ఎవరు ఏ పని, ఎందుకు, ఏ క్రమంలో చేస్తారు అన్నది. అడ్మిషన్ ఇవ్వడం, హాజరు తీయడం, సరుకులు తెప్పించడం, వండి పెట్టడం. వార్డెన్, వంటవారు, కామాటి, వాచ్‌మన్ – ఎవరి బాధ్యత ఏది? ఇక్కడ బిజినెస్ అంటే వ్యాపారం కాదు, 'చేయవలసిన పని' అని అర్థం.

2. డేటా ఆర్కిటెక్చర్: ఏ వివరాలు ఉంచుకోవాలి, వాటికి అసలు ప్రతి ఎక్కడ ఉండాలి? విద్యార్థి పేరు హాజరు పట్టీలో ఒకలా, మెమోలో ఒకలా, బ్యాంకులో ఇంకొకలా ఉంటే అది డేటా ఆర్కిటెక్చర్ లోపం.

3. అప్లికేషన్ ఆర్కిటెక్చర్: ఏ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి? హాజరుకు ఒకటి, సరుకులకు ఒకటి, స్కాలర్‌షిప్‌కు ఒకటి ఉండి, మూడింటిలోనూ మీ పేరును మూడుసార్లు కొట్టవలసి వస్తే పని పెరుగుతుంది, తప్పులూ పెరుగుతాయి.

4. టెక్నాలజీ ఆర్కిటెక్చర్: వీటన్నింటికీ ఆధారమైన కంప్యూటర్లు, ఫోన్లు, నెట్‌వర్కు, వేలిముద్ర మిషన్లు, కరెంటు. సిగ్నల్ లేని ఊళ్లో ఆన్‌లైన్‌తోనే నడిచే పద్ధతి పెడితే ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఫ్రేమ్‌వర్క్ ఎందుకు?

ఇంత పెద్ద వ్యవహారాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తికమకపడకుండా ఉండడానికి కొందరు పెద్దలు పద్ధతులు ఏర్పరిచారు. వాటినే ఫ్రేమ్‌వర్కులు అంటారు. ఐబీఎం సంస్థలో పని చేసిన జాన్ జాక్‌మన్ 1987లో ఆ సంస్థ పత్రికలో రాసిన వ్యాసం ఈ రంగానికి పునాది అని చెబుతారు. భవనాలు కట్టేవారికి నక్షాలు ఉన్నట్లే సమాచార వ్యవస్థలకూ ఉండాలన్నది ఆయన ఆలోచన. తర్వాత విస్తరించిన ఆయన పట్టికలో ఆరు ప్రశ్నలు ఉంటాయి: ఏమిటి, ఎలా, ఎక్కడ, ఎవరు, ఎప్పుడు, ఎందుకు. పైన చెప్పిన తమ్ముడి విషయంలో 'ఏమిటి' (వేలిముద్ర), 'ఎలా' (మిషన్‌తో) అన్నవి ఆలోచించారు. 'ఆ తల్లి ఎక్కడ, ఏ నెలలో ఉంటుంది' అన్నది ఎవరూ అడగలేదు.

నేడు బాగా ప్రచారంలో ఉన్నది టోగాఫ్. 'ది ఓపెన్ గ్రూప్' అనే అంతర్జాతీయ సంస్థ ఆధ్వర్యంలో ఉన్న దీని తొలి రూపం 1995లో వచ్చింది. అమెరికా రక్షణ శాఖ అంతకుముందు తయారు చేసుకున్న పద్ధతి దీనికి ఆధారం. 2009లో 9వ వెర్షన్, 2022లో 10వ ఎడిషన్ వచ్చాయి. దీని గుండెకాయ వంటిది ఏడీఎం అనే పని క్రమం. ముందు సన్నాహక దశ, ఆ తర్వాత ఏ నుంచి హెచ్ వరకు ఎనిమిది దశలు ఉంటాయి.

ఏ దశలో ఏం సాధించాలి, ఎవరెవరికి దీనితో సంబంధం ఉంది అని తేల్చుకుంటారు. బీ, సీ, డీ దశల్లో పైన చెప్పిన నాలుగు భాగాలకూ 'ఇప్పుడు ఎలా ఉంది, రేపు ఎలా ఉండాలి' అని రెండు చిత్రాలు గీసి, మధ్యనున్న తేడాను గుర్తిస్తారు. సీ దశలోనే డేటా, అప్లికేషన్ రెండూ వస్తాయి. ఈ దశలో ఆ తేడాను పూడ్చే మార్గాలు ఎంచుకుంటారు. ఎఫ్‌లో ఏది ముందు, ఏది వెనుక అని ప్రణాళిక వేస్తారు. జీలో పని నక్షా ప్రకారం జరుగుతోందా అని చూస్తారు. హెచ్‌లో కాలంతోపాటు వచ్చే మార్పులను గమనించి, అవసరమైతే మళ్లీ మొదటికి వస్తారు. వీటన్నింటి నడుమ 'అవసరాల నిర్వహణ' అనేది ఎప్పుడూ సాగుతూనే ఉంటుంది. ఒకసారి గీసి బీరువాలో పెట్టే కాగితం కాదని దీని భావం.

మన రాష్ట్రంలో ఏం జరిగింది?

ఈ విద్య అమెరికా కంపెనీలకే పరిమితమని అనుకోవద్దు. కంప్యూటర్ల ద్వారా ప్రభుత్వ సేవలు అందించడంలో మన రాష్ట్రం ముందే అడుగు వేసింది. 1998లో రిజిస్ట్రేషన్ల శాఖలో 'కార్డ్' పథకం, 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ వచ్చాయి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీ-సేవలో దొరకడం మనందరికీ అనుభవమే. అయితే ఒక కార్యాలయం ఇచ్చిన సర్టిఫికెట్‌ను మనమే మోసుకెళ్లి ఇంకొక కార్యాలయానికి చూపించవలసి రావడం మాత్రం తప్పలేదు. ప్రభుత్వానికి ఇప్పటికే తెలిసిన సంగతిని ప్రభుత్వానికే మళ్లీ రుజువు చేయడం అన్నమాట.

2014లో రాష్ట్ర విభజన జరిగిన తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'ఈ-ప్రగతి' పేరుతో రాష్ట్రమంతటికీ ఒకే ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ తయారు చేయించింది. 33 శాఖలు, 300కు పైగా ప్రభుత్వ సంస్థలు దీని పరిధిలోకి వచ్చాయి. దీనికి టోగాఫ్ పద్ధతినే అనుసరించారు. కార్డ్ పథకాన్ని నడిపించిన జె. సత్యనారాయణగారే దీనికీ మార్గదర్శకులు. పౌరుల వివరాలకు 'పీపుల్ హబ్', భూముల వివరాలకు 'ల్యాండ్ హబ్' ఉంచి, అన్ని శాఖలూ అక్కడి నుంచే వివరాలు తీసుకోవాలన్నది అందులోని ముఖ్య ఆలోచన. 2019లో ప్రభుత్వం మారిన తర్వాత ఆ కార్యక్రమం అనుకున్న రూపంలో సాగలేదు. కాని ఆ అనుభవం వృథా పోలేదు. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ 2018లో దేశమంతటి ప్రభుత్వాల కోసం 'ఇండ్‌ఈఏ' అనే ఫ్రేమ్‌వర్కును తెచ్చింది. అందులో 8 నమూనాలు ఉన్నాయి. దానిని రూపొందించిన బృందానికీ సత్యనారాయణగారే నాయకత్వం వహించారు.

నక్షా మంచిదైనంత మాత్రాన ఇల్లు లేవదు, కట్టేవారు, కట్టించేవారు చివరిదాకా ఉండాలి అన్నది దీని నుంచి నేర్చుకోవలసిన పాఠం.

సర్టిఫికెట్ పరీక్ష

ఇక మీరడిగిన సర్టిఫికెట్ సంగతి. టోగాఫ్‌లో ప్రధానంగా రెండు మెట్లు ఉన్నాయి.

మొదటిది ఫౌండేషన్. 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, పుస్తకం చూడకూడదు. 60 శాతం, అంటే 24 ప్రశ్నలకు సరైన జవాబులు రాస్తే ఉత్తీర్ణులవుతారు. పదాలు, దశలు, నిర్వచనాలు తెలుసా లేదా అని ఇందులో చూస్తారు.

రెండవది ప్రాక్టీషనర్. 8 ప్రశ్నలు, 90 నిమిషాలు. ప్రతి ప్రశ్నలో ఒక సంస్థ సమస్యను కథలా ఇచ్చి, ఏం చేయాలి అని అడుగుతారు. ఉత్తమమైన జవాబుకు 5 మార్కులు, తర్వాతి దానికి 3, ఆ తర్వాతి దానికి 1, పొరపాటు జవాబుకు సున్నా. 40కి 24 రావాలి. ఇందులో గ్రంథాన్ని తెరపై చూసుకోవచ్చు. కాని ముందే చదవనివారికి వెతకడంతోనే సమయం అయిపోతుంది.

ఫౌండేషన్‌కు ముందస్తు అర్హత ఏదీ అక్కర లేదు. కోచింగ్ తీసుకోవడం తప్పనిసరి కాదు, సొంతంగా చదివి రాయవచ్చు. టోగాఫ్ గ్రంథాన్ని ఓపెన్ గ్రూప్ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని ఉచితంగా చదువుకోవచ్చు. పరీక్ష ఫీజు మాత్రం వందల డాలర్లలో ఉంటుంది. మన ఇళ్లలో అది నెలల తరబడి కూలి డబ్బు.

అందుకే మా సలహా ఒకటి. డిగ్రీ చదువుతూనే, లేదా చదువు ముగిసిన వెంటనే, అప్పు చేసి ఈ పరీక్ష రాయవద్దు. కొన్నేళ్లు పని చేసిన తర్వాత విలువనిచ్చే సర్టిఫికెట్ ఇది. అనుభవం లేనివారికి ఇది ఒక్కటే చూసి ఆర్కిటెక్ట్ ఉద్యోగం ఇవ్వరు. "ఈ సర్టిఫికెట్ తీసుకుంటే ఉద్యోగం గ్యారంటీ" అని డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. మాలో ఈ పరీక్ష రాసినవారందరూ పనిలో చేరిన చాలా ఏళ్లకే రాశారు. వారిలో కొందరికి ఫీజు కంపెనీయే కట్టింది.

మరి ఇప్పుడేం చేయాలి? డేటాబేస్, నెట్‌వర్కులు, ఒక ప్రోగ్రామింగ్ భాష గట్టిగా నేర్చుకోండి. స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా వినవచ్చు. ఇంగ్లీషులో ఒక పేజీ చదివి సారాంశం సొంతంగా రాయడం అలవాటు చేసుకోండి. టోగాఫ్ పరీక్షలో మనవాళ్లను ఇబ్బంది పెట్టేది విషయం కన్నా ఆ పొడవాటి వాక్యాలే. వీటితోపాటు ఖర్చులేని అభ్యాసం ఒకటి ఉంది. మన హాస్టల్‌లో ఒక బియ్యం బస్తా వచ్చినప్పటి నుంచి కంచంలో అన్నం పడేదాకా ఎన్ని చేతులు మారుతుంది, ఎన్ని రిజిస్టర్లలో రాస్తారు, ఒకే సంగతిని ఎన్నిచోట్ల రాస్తారు అని వార్డెన్ సారును అడిగి ఒక కాగితం మీద గీయండి. అదే మీ మొదటి ఆర్కిటెక్చర్ చిత్రం.

చివరిగా ఒక మాట. టోగాఫ్ ఏ దశలో 'దీనితో సంబంధం ఉన్నవారెవరు, వారి ఇబ్బందులేమిటి' అని తేల్చుకోవాలని చెప్పుకున్నాం కదా. ఆ ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరకదు. నక్షా గీసే గదుల్లో సుగ్గికి వెళ్లే ఇళ్ల నుంచి వచ్చినవారు ఇంతవరకు తక్కువ. రేపు మీలో ఒకరు ఆ గదిలో కూర్చున్న రోజున, "సార్, ఈ నెలల్లో ఆ అమ్మ ఊళ్లో ఉండదు, గుంటూరులో ఉంటుంది, అక్కడి నుంచే పని జరిగేలా చూద్దాం" అని ఒక్క మాట చెప్పగలిగితే, కోసిగి వైపు నుంచి వచ్చే మరో తమ్ముడికి నెల రోజుల తిరుగుడు తప్పుతుంది, వాళ్లమ్మకు కూలి దక్కుతుంది. సర్టిఫికెట్ మిమ్మల్ని ఆ గది తలుపు దాకా తీసుకెళ్లవచ్చు. లోపల చెప్పవలసిన ఆ మాట మాత్రం మీకు ఇప్పటికే తెలుసు.

మీరందరూ బాగా చదివి, మాకన్నా పై మెట్టుకు చేరాలని మనస్ఫూర్తిగా కోరుకుంటూ,

మీ పూర్వ విద్యార్థులు