నీరు మంచిదైన నోరు మంచిది

“నోరు మంచిదైన ఊరు మంచిది” అని మన పెద్దల మాట. వాక్కును గూర్చి చెప్పిన యీ సామెతను నల్లగొండ, మహబూబ్‌నగరు మెట్టసీమలలో ఒకమారు తలక్రిందులు చేసి చదువవలసియున్నది. అచ్చట ఊరి నీరు మంచిదైనగాని నోరు మంచిది కానేరదు. తక్కిన సీమలలో దంతముల ఆరోగ్యము చాలవరకు అలవాట్లపై ఆధారపడును. చక్కగా తోముకొని, తిన్న పిమ్మట పుక్కిలించి, తీపిని మితపరచి, పొగాకును దరిజేరనీయనివాని నోరు బాగుండును. అట్లు చేయనివాని నోరు చెడును. దక్షిణ తెలంగాణమున ఈ న్యాయము పూర్తిగా చెల్లదు. వేకువనే లేచి వేపపుల్ల నమలి దంతధావనము చేసిన బాలుని పండ్లపైనను ఇచ్చట పసుపు, గోధుమ వన్నె చారలు కానవచ్చును. చూచువారు దానిని మురికి యందురు. అది మురికి కాదు. ఆ బాలుడు త్రాగిన నీరు వానిపై వ్రాసిన వ్రాత.

పంటిపై పింగాణివలె మెరయు పైపొర, పన్ను చిగురును చీల్చుకొని వెలువడిన పిదప ఏర్పడునది కాదు. జ్ఞానదంతములు తప్ప తక్కిన శాశ్వతదంతములకు ఈ పొర పుట్టుక మొదలు సుమారు ఎనిమిదేండ్లలోపల దవడలోనే సిద్ధమగును. ఆ కాలమున శిశువు త్రాగు నీటిలోను, తిను తిండిలోను ఫ్లోరైడు మితిమీరినచో ఆ పొర సరిగా గట్టిపడక గుల్లవారును. మొదట సుద్దవలె తెల్లని మచ్చలు, పిదప పసుపు గోధుమ చారలు, మరియు ముదిరినచో గుంటలును ఏర్పడును. దీనికే దంత ఫ్లోరోసిస్ అని పేరు. ఎన్నిమారులు తోమినను ఆ చార పోదు. ఏలయన అది పంటికి అంటినది కాదు, పంటిలో ఇమిడినది. పెద్దవాడైన పిదప ఈ సీమకు వచ్చి స్థిరపడినవానికి ముందుపండ్లపై ఈ చార రాదు. కావున పంటిచార బాల్యమున త్రాగిన నీటికి చెరగని సాక్ష్యము.

ఈ సంగతి లోకమునకు తెలియుటకే చాలకాలము పట్టినది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమునకు 1901లో వచ్చిన ఫ్రెడరిక్ మెక్కే యను దంతవైద్యుడు అచ్చటివారి పండ్లపై మచ్చలను గమనించి కారణము వెదకనారంభించెను. ముప్పది యేండ్లకు, 1931లో, చర్చిల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నీటిలోని ఫ్లోరైడే కారణమని తేల్చెను. మచ్చలు పడిన ఆ పండ్లు పుచ్చుట అరుదని మెక్కే చూచియుండెను. ఆ గమనికను అనుసరించి జరిగిన పరిశోధనల ఫలముగా 1945లో గ్రాండ్ రాపిడ్స్ పట్టణపు నీటిలో లీటరునకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఫ్లోరైడును కలుపనారంభించిరి. ఒక దేశమున చాలదని కలుపుచుండగా మన సీమలో హెచ్చినదని తీయవలసి వచ్చినది. మందునకును విషమునకును నడుమ మోతాదే సరిహద్దు.

మన దేశమున 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతమున ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. 1955లో సిద్దికీ యను వైద్యుడు నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి బ్రిటిషు మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. అనగా నల్లగొండ పేరు వైద్యలోకమునకు ఎక్కి డెబ్బది సంవత్సరములు కావచ్చినది. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు పరిసరముల ప్రజలకు ఈ వ్యాధి గ్రంథముల వలన తెలియవలసినది కాదు. వారి యింటిలోనే యున్నది.

కారణము నేలలో కలదు. ఈ మెట్టసీమ అడుగున పరచుకొనియున్నది నల్లరాయి, గ్రానైటు శిలలు. వానిలోని ఖనిజములనుండి ఫ్లోరైడు నీటిలో కరగుచుండును. నీరు రాతిపగుళ్లలో ఎంతకాలము నిలిచిన అంత హెచ్చుగా కరగును. వాననీటిలో ఫ్లోరైడు స్వల్పము; కావున చెరువునీటిలోను సామాన్యముగా తక్కువ. వానలు కురియక, చెరువులు పూడిపోయి, దిగుడుబావులు ఎండి, ప్రజలు లోతైన బోరులను నమ్ముకొనుటతో తాతలు ఎరుగనంత మోతాదు మనుమల నోటికి వచ్చినది. భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో లీటరునకు ఒక మిల్లీగ్రాముకు మించరాదు. వేరు నీరు దొరకని యెడల ఒకటిన్నర వరకు సహింపవచ్చును. ఈ జిల్లాలలో కొన్ని గ్రామముల బోరునీటిలో దీనికి పలురెట్లు కనబడినది.

పండ్లు చెడుటతో కథ ముగిసిన వ్రాయవలసిన పని లేకపోయెడిది. పెక్కేండ్లు ఇట్టి నీరు త్రాగినవారి యెముకలలో ఫ్లోరైడు పేరుకొనును. కీళ్లు బిగియును, మెడ త్రిప్పరాదు, వెన్ను వంగిన వంగినట్లే గట్టిపడును. వెన్నెముకలోని నాళము ఇరుకై నరములు నలిగి కాళ్లు పడిపోవుటయు కలదు. ఆ దశలో దానిని మాన్పు మందు లేదు. పంటిచార కలిగిన ప్రతివానికిని ఈ దుర్గతి పట్టునని కాదు. కాని ఎముక చెప్పబోవు మాటను పన్ను ముందుగా చెప్పుచున్నది. ఆ హెచ్చరికను మురికియని త్రోసివేయుటవలన ఎన్ని యిండ్లు మోసపోయినవో లెక్కలేదు.

తిండితో కూడ దీనికి సంబంధము కలదు. సున్నపుధాతువు చాలని దేహమున ఫ్లోరైడు మరింత చెరుపు చేయును. జొన్న తిండిపై నున్నవారి దేహమున అన్నము తినువారికంటె ఫ్లోరైడు హెచ్చుగా నిలుచునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1970 దశకమున కనుగొనిరి. దీనిచే పాలమూరు జొన్నరొట్టెకు దోషము అంటగట్టరాదు, దోషము నీటిదే. చింతపండు వాడుకవలన మూత్రమున ఫ్లోరైడు హెచ్చుగా వెలువడునని ఆ సంస్థవారే తరువాత చూపిరి. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, ఉసిరికాయ, పచ్చిపులుసు — ఇవి పేదయింటికి అందుబాటులోని రక్షణలు. కాని ఇవి మంచినీటికి తోడేగాని మారు కానేరవు.

నీటిని కాచిన ఫ్లోరైడు పోవునని పలువురు తలంతురు. ఇది పొరపాటు. కాచినకొలది నీరు ఇగిరి ఫ్లోరైడు చిక్కబడును. దానిని తీయుటకు నాగపూరులోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు 1970 దశకమున ఒక పద్ధతి కనిపెట్టిరి. పటికయు, సున్నమును, క్రిములు చచ్చుటకై బ్లీచింగు పొడియును కలిపి కలియబెట్టి, మడ్డి అడుగున పేరిన పిదప తేటను వడగట్టుకొనుటయే ఆ పద్ధతి. దానికి వారు పెట్టిన పేరు “నల్లగొండ టెక్నిక్”. టాంజానియా, ఇథియోపియా దేశములందును దానిని వాడిరి. రోగముచే పేరుమోసిన జిల్లా చికిత్సకును పేరిచ్చినది! కాని ప్రతిదినము కొలిచి, కలిపి, మడ్డి పారబోయు పనిని ఏండ్లతరబడి ఏ యిల్లాలు నడుపగలదు? నదినీరు రాక తప్పదని అప్పుడే తేలినది.

ఆ నది దూరమున లేదు. కృష్ణ ఈ రెండు జిల్లాల దక్షిణపు టంచునే పారుచున్నది. నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది 1955లో, సిద్దికీ వ్యాసము వెలువడిన సంవత్సరముననే. 2004లో కృష్ణాజలము నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయమునుండి హైదరాబాదు కొళాయిలకు చేరినది. మెట్టపల్లెలకు ఇంటింటికి చేర్చు యత్నము 2016లో మిషన్ భగీరథతో ఆరంభమై తరువాతి సంవత్సరములలో వ్యాపించినది. 2020 నాటికి తెలంగాణమున ఫ్లోరైడు పీడిత ఆవాసములు లేవని ప్రభుత్వపు లెక్కలు చెప్పినవి. ఇది సామాన్యమైన కార్యము కాదు, మెచ్చుకొనవలసినదే.

ఐనను లెక్కలకు మించిన సాక్షి యొకటి కలదు. శాశ్వతమైన ముందుపండ్లు ఆరు మొదలు ఎనిమిదేండ్ల ప్రాయమున వెలువడును. నదినీరు వచ్చిన పిదప పుట్టిన బిడ్డలు ఇప్పుడు ప్రాథమిక పాఠశాలలలో కూర్చున్నారు. వారి పెదవుల నడుమ క్రొత్తపండ్లు వెలువడుచున్నవి. ఆ పండ్లు తెల్లగా, నునుపుగా నున్నచో నీరు కొళాయికి మాత్రమే కాక కడుపుకును చేరినదన్నమాట. చారలు మరల కనబడినచో ఎచ్చటనో లోపమున్నది: నీరు సరిగా రాకుండవచ్చును, వచ్చినను రుచి నచ్చక బోరునీటినే త్రాగుచుండవచ్చును, త్రాగుటకు నదినీరును, వంటకు బోరునీటిని వాడుచుండవచ్చును. పప్పు ఉడికిన నీరును, అన్నము పీల్చిన నీరును కడుపునకే పోవునుగదా! పొట్టకూటికై వలసపోయిన కుటుంబముల బిడ్డలు పనిచోట ఏ నీరు త్రాగుచున్నారో చూచువారే లేరు.

కావున చదువరులకును, పంచాయతీలకును, ఉపాధ్యాయులకును మా మనవి యిది. ఏడాదికొకమారు ప్రతి పల్లెబడిలో పిల్లల పండ్లు చూడవలెను. వెలుతురు, చూచు కన్ను ఉన్న చాలును. చారలు కనబడిన బిడ్డను మందలింపక, ఆ యింటి నీటిని పరీక్ష చేయింపవలెను. పసిబిడ్డకు తల్లిపాలలో ఫ్లోరైడు అత్యల్పము. బోరునీటిలో డబ్బాపాలు కలిపి పట్టుటయే అపాయము. పిల్లలకు దంతములేపనము బియ్యపుగింజంత, ఆరేళ్ల లోపువారికి మించిన బఠాణిగింజంత చాలును. మ్రింగక ఉమియ నేర్పవలెను. చార పోవునను ఆశతో ఇటుకపొడి, బొగ్గుపొడి పెట్టి రుద్దుట కూడదు. “పళ్లూడగొట్టుకొనుటకు ఏ రాయియైన నేమి” యన్నట్లు, అది మిగిలిన పొరనుకూడ అరగదీయును.

తక్కిన నోటి యలవాట్లను మరువుమని మా భావము కాదు. చిగుళ్ల వాపు మధుమేహమును హెచ్చించును. మధుమేహము చిగుళ్లను చెరచును. గుట్కా, పొగాకు నోటిపుండును పుట్టించి ప్రాణమునే తీయును. పండ్లూడినవాడు రొట్టె నమలలేక గంజితో సరిపెట్టుకొని క్షీణించును. ఇవి మన చేతిలోనివి. వీనికి మనమే బాధ్యులము. కాని నీటిదోషమును బిడ్డ నెత్తిన వేయుట ధర్మము కాదు. పెండ్లిచూపులలో పెదవి విప్పని కన్యకును, కొలువు అడుగబోయి నోటికి చేయి అడ్డుపెట్టుకొను యువకునకును లోకము సోమరితనము అంటగట్టినది. వారు చేసిన తప్పు ఒక్కటే: దాహమైనప్పుడు ఊరి నీరు త్రాగిరి. వారి తమ్ములు, చెల్లెండ్రు నోరార నవ్వగలుగుటయే ఈ సీమకు నది వచ్చినదనుటకు నిదర్శనము.