అద్దింట్లోంచి ఆకాశహర్మ్యాలకి!

ప్లాటు కొంటే కోటీశ్వరులైపోవచ్చనుకునే కుర్రాళ్లు మన దగ్గర బోలెడుమంది. అసలు ఏమీ కొనకుండా, ఎదుటివాళ్ల గదులు చూసిపెడుతూ మొదలుపెట్టిన ఓ విద్యార్థి ఎంతదూరం వెళ్లాడో తెలుసా?

తిరువూరులో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా నాలుగు మాటల్లో రెండు స్థలాల గురించే వినిపిస్తాయి. గజం ఎంత పలుకుతోంది, రోడ్డు ఎటు పడుతోంది... ఇవే కబుర్లు. మామిడితోట అమ్మి ప్లాట్లు కొన్నవాళ్లూ, ప్లాటు అమ్మి పిల్ల పెళ్లి చేసినవాళ్లూ మనకి కొత్తేం కాదు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో చదువుకునే పిల్లలకీ అదే ధ్యాస. కానీ కొనడానికి డబ్బేదీ అంటే మాత్రం నాన్నవైపు చూస్తారు.

శామ్ జెల్ నాన్నవైపు చూడలేదు. పోలండ్‌లో ధాన్యం వ్యాపారం చేసుకునే ఆయన తండ్రి 1939లో, హిట్లర్ సేనలు దేశంలోకి రావడానికి కాస్త ముందు, కుటుంబంతో బయటపడ్డాడు. జపాన్ మీదుగా తిరిగి తిరిగి 1941లో అమెరికా చేరారు. ఆ ఏడాదే శామ్ పుట్టాడు. పెద్దయ్యాక చదువు కోసం మిషిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్ వెళ్లాడు. ఎక్కువగా యూనివర్సిటీ మీద బతికే ఊరది.

అక్కడ ఓ యజమాని విద్యార్థుల కోసం పదిహేను వాటాల భవనం కట్టిస్తున్నాడని శామ్ చెవిన పడింది. నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి, 'మీ భవనాన్ని మేం చూసుకుంటాం, మాకు ఉండటానికి చోటిస్తే చాలు' అని బేరం పెట్టాడు. యజమాని సరేనన్నాడు. అంతే, వ్యాపారం మొదలైపోయింది! పెట్టుబడి సున్నా. చేతికొచ్చిన లాభం అద్దె లేని గది.

పని మాత్రం ఏమంత గొప్పది కాదు. అద్దెకొచ్చేవాళ్లని వెతకాలి, నెలనెలా డబ్బు వసూలు చేయాలి, కుళాయి కారితే మనిషిని పిలవాలి, అర్ధరాత్రి గోల చేసేవాళ్లని బతిమాలాలి. లా చదివే కుర్రాడు చేయాల్సిన పనేనా అని మన దగ్గరైతే ఇంట్లోవాళ్లే ముఖం చిట్లిస్తారు. కానీ అతనికి లా కాలేజీ నేర్పని చదువు అక్కడే వంటబట్టింది. గది ఏ నెలలో ఖాళీ అవుతుంది? రంగులేసి, మంచాలు మారిస్తే అద్దె ఎంత పెంచొచ్చు? మరమ్మతులకి ఏటా ఎంత పోతుంది? ఇవన్నీ వేరేవాళ్ల భవనంలో, వేరేవాళ్ల డబ్బుతో నేర్చుకున్నాడు. ఒక భవనం బాగుందని తెలిసి ఇంకో యజమాని పిలిచాడు, తర్వాత మరొకరు. స్నేహితుడు రాబర్ట్ లూరీ తోడయ్యాడు. 1966లో చదువు ముగిసేనాటికి వాళ్ల చేతికింద నడిచిన వాటాలు దాదాపు 4,000. వాటిలో వంద పైచిలుకు శామ్ సొంతం!

ఊరు వదిలి షికాగో వెళ్లేటప్పుడు ఆ నిర్వహణ వ్యాపారంలో తన వాటా లూరీకే అమ్మేశాడు. లాయరు ఉద్యోగంలో చేరి కొద్దిరోజులకే బయటికొచ్చేశాడు. 1968లో సొంత పెట్టుబడుల సంస్థ పెట్టాడు. మరుసటేడాది లూరీ కూడా అందులోకి వచ్చేశాడు. 1990లో చనిపోయేదాకా ఇద్దరూ కలిసే పనిచేశారు. అందరూ ఎగబడే మహానగరాలు వదిలేసి పోటీ తక్కువుండే ఊళ్లలో భవనాలు కొనడం శామ్ మొదట్లో పట్టిన దారి. 1970ల్లో మార్కెట్ కుప్పకూలి, అప్పులు కట్టలేక యజమానులు చేతులెత్తేస్తున్నప్పుడు తను కొన్నాడు. ఆయన చూసే లెక్క ఒకటుంది. అలాంటి భవనం ఇప్పుడు కొత్తగా కట్టాలంటే ఎంతవుతుంది? అంతకంటే బాగా చవగ్గా దొరుకుతుందా? దొరికితే కొనడమే.

ఇక్కడే మన లెక్కకీ ఆయన లెక్కకీ తేడా. మనం వచ్చే ఏడాది ధర చూసి కొంటాం, ఆయన వచ్చే నెల అద్దె చూసి కొన్నాడు. ఉదాహరణకి యాభై లక్షలు పోసి కొన్న ఇంటికి నెలకి పన్నెండు వేలు అద్దె వస్తోందనుకుందాం. ఏడాదికి లక్షా నలభై నాలుగు వేలు. అంటే నూటికి మూడు రూపాయలు కూడా లేదు. అందులోంచే ఇంటి పన్ను, మరమ్మతులు. బ్యాంకు అప్పుకి కట్టే వడ్డీ అంతకంటే బాగా ఎక్కువ. ఆ లోటంతా ధర పెరిగితేనే పూడుతుంది. పెరగకపోతే? 2014లో రాజధాని ప్రకటన తర్వాత అమరావతి చుట్టూ కొని, 2019 చివర్లో మూడు రాజధానుల మాట రాగానే తలపట్టుకున్నవాళ్లని అడిగితే చెబుతారు.

అలాగని జెల్ అన్నీ గెలిచాడని కాదు. ఆఫీసు భవనాల సంస్థని 2007 ఫిబ్రవరిలో అప్పులతో సహా 3,900 కోట్ల డాలర్లకి బ్లాక్‌స్టోన్‌కి అమ్మేశాడు. మార్కెట్ కూలడానికి కాస్త ముందు! అదే ఏడాది ట్రిబ్యూన్ పత్రికల సంస్థని ఎక్కువగా అప్పుమీదే కొన్నాడు. 2008 డిసెంబరుకల్లా అది దివాలా తీసింది. గదుల వ్యాపారం అణువణువూ తెలిసినవాడికి పత్రికల వ్యాపారం కలిసిరాలేదు మరి.

ఇదంతా అమెరికా సంగతి, మన ఊళ్లో ఎవరు చేయించుకుంటారు అంటారా? పిల్లలు పరాయి దేశంలో, పెద్దవాళ్లు వాళ్ల దగ్గర... ఇల్లేమో తాళం! అలాంటివి మన ఊళ్లలో ఎన్ని లేవు? కరెంటు బిల్లు కట్టేవాళ్లు ఉండరు, ఖాళీ స్థలంలో ముళ్లకంపలు పెరిగి, చివరికి ఎవరో కంచె జరిపేస్తారు. నెలకోసారి వెళ్లి ఫొటో తీసి పంపి, పన్ను రశీదు దాచిపెట్టి, అద్దెకున్నవాళ్లతో పదకొండు నెలల ఒప్పందం రాయించే నమ్మకమైన కుర్రాడుంటే నెలకింతని ఇవ్వడానికి యజమానులు వెనకాడరు. కాకపోతే ఆ నమ్మకం ఒక్కరోజులో రాదు. ఒక ఇంటి అద్దె లెక్కలో తేడా వస్తే రెండో ఇంటి తాళంచెవి చేతికి రాదు.

చూసిపెట్టడంతో ఆగకుండా ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే పనిలోకి దిగాలంటే మాత్రం 2016 నాటి రెరా చట్టం గుర్తుంచుకోవాలి. దానికింద నమోదైన వెంచర్లలో అమ్మకాలు కుదిర్చే ఏజెంటు కూడా నమోదు చేయించుకోవాల్సిందే. వెంచరుకి రెరా నంబరు ఉందో లేదో కొనేవాళ్లు ఆంధ్రప్రదేశ్ రెరా వెబ్‌సైట్లో ఉచితంగానే చూసుకోవచ్చు. బయానా ఇచ్చాక కాదు, ఇవ్వకముందు.

శామ్ జెల్ 2023 మే నెలలో, 81 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన చదివిన మిషిగన్ యూనివర్సిటీలో కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకి పాఠాలు చెప్పే సంస్థ ఒకటుంది. దాని పేరు జెల్ లూరీ ఇన్‌స్టిట్యూట్. అద్దెలు వసూలు చేసిన ఆ ఇద్దరు కుర్రాళ్ల పేర్లే!