‘మా వంశంలోనే పుప్పి పళ్లు’ అని వదిలేయకండి

నాలుగేళ్ల పాప నోరు తెరిస్తే పై ముందు పళ్లు గోధుమరంగు మొండాలై కనిపిస్తాయి. ‘వాళ్ల నాన్నకూ ఇంతేనండీ, వంశంలోనే ఉంది’ అంటుంది తల్లి. ఆ మాటలో కొంత నిజముంది. ఆ కొంత నిజం నమ్ముకుని చేతులు ముడుచుకోవడంతోనే పిల్లలు బాధపడుతున్నారు.

అపోహ: అమ్మానాన్నల పళ్లు పుచ్చితే పిల్లలవీ పుచ్చక తప్పదు.

వాస్తవం: పంటి పైపొర ఎనామిల్ గట్టిదనంలో, లాలాజలం తీరులో జన్యువుల పాత్ర ఉంది. కానీ పంటిని తినేసేది యాసిడ్. మనం తిన్న తీపిని బ్యాక్టీరియా యాసిడ్‌గా మారుస్తుంది. ఆస్ట్రేలియాలో 5 నుంచి 11 ఏళ్ల కవలల నోటి బ్యాక్టీరియాను పరిశీలించిన అధ్యయనం 2017లో వెలువడింది. వారసత్వ ప్రభావం కనిపించిన బ్యాక్టీరియా రకాలకూ పుచ్చుకూ అందులో సంబంధం తేలలేదు.

అపోహ: పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే.

వాస్తవం: పాల దవడపళ్లు 10–12 ఏళ్ల దాకా ఉండాలి. ముందే పోతే పక్క పళ్లు జరిగి, కొత్త పంటికి చోటుండదు. ఆరో ఏట అన్నిటికంటే వెనక ఒక దవడపన్ను ఏదీ ఊడకుండానే వస్తుంది. అదీ పాలపన్నే అనుకుంటారు చాలామంది. కాదు, జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని గాడులను సీలెంట్‌తో పూడ్పిస్తే పుచ్చు నుంచి మంచి రక్షణ.

అపోహ: చాక్లెట్లు మాన్పిస్తే చాలు.

వాస్తవం: ఎంత తిన్నారన్నదే కాదు, ఎన్నిసార్లు తిన్నారన్నదీ చూడాలి. ఒక్క బిస్కెట్ తిన్నా నోరు మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. గంటకోసారి ఏదో ఒకటి నములుతుంటే పన్ను కోలుకునేదెప్పుడు? పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోవడం మరీ ప్రమాదం. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పాలు పళ్ల మీదే నిలిచిపోతాయి.

అపోహ: ఫ్లోరైడ్ పేస్టు వాడితే నల్లగొండలోలా పళ్లు గారపడతాయి.

వాస్తవం: నల్లగొండ ప్రజలను పీడించింది ఏళ్ల తరబడి తాగిన భూగర్భజలంలోని ఫ్లోరైడ్. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. పేస్టు పంటికి తగలాలి గానీ కడుపులోకి పోకూడదు. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. మీ ఊరి నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే దంతవైద్యులను అడిగి వాడండి.

ఈ రాత్రి బిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, పై పెదవి మెల్లగా ఎత్తి చూడండి. చిగురు అంచున సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చార ఉంటే పుచ్చు మొదలైనట్టే. ఆ దశలో ఫ్లోరైడ్ వార్నిష్‌తో, రెండు పూటలా తోమడంతో వెనక్కి మళ్లించవచ్చు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా తోమే పని పెద్దవాళ్లదే. వంశంలో ఉందని తెలిసిన ఇంట్లో మరింత తొందరపడాలి, మొదటి పుట్టినరోజులోపే బిడ్డను దంతవైద్యులకు చూపించాలి.